స్టెయిన్‌లెస్ ఉక్కు కొలిమిలో ఎందుకు అతకదు? ఎలా అతుకుతుంది?

ఖరీదైన కత్తుల్లో కొన్నింటి మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. రెండు రకాల ఉక్కు పలకల్ని మార్చి మార్చి పేర్చి, కొలిమిలో కాచి, సమ్మెటతోనో ప్రెస్సుతోనో ఒకే దిమ్మెగా కలిపితే వచ్చిన పొరలవి. కార్బన్ ఉక్కుతో ఈ పని కమ్మరులకు శతాబ్దాలుగా తెలుసు. స్టెయిన్‌లెస్‌తో మాత్రం చాలా కష్టం. దాన్ని తుప్పు నుంచి కాపాడే గుణమే అతుకుకు అడ్డు పడుతుంది.

10.5 శాతం

కనీసం ఇంత క్రోమియం ఉన్న ఉక్కునే స్టెయిన్‌లెస్ అంటారు. గాలి తగలగానే ఈ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కడుతుంది. గీత పడినా వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. వంటింట్లో ఇది వరం. కొలిమిలో వేడికి అదే పొర మందమై, పలకల మధ్య గోడలా నిలుస్తుంది.

2,400 డిగ్రీలు

క్రోమియం ఆక్సైడ్ కరగాలంటే ఇంచుమించు ఇన్ని సెల్సియస్ డిగ్రీల వేడి కావాలి. ఉక్కే 1,500 లోపు కరిగిపోతుంది. అతికే పని 1,100-1,200 మధ్య జరుగుతుంది. కార్బన్ ఉక్కుకు ఈ చిక్కు లేదు. 743 డిగ్రీల దగ్గర కరిగే వెలిగారం చల్లితే ఇనుప ఆక్సైడ్ అందులో కలిసి, దెబ్బ పడగానే బయటికి చిమ్ముతుంది. క్రోమియం ఆక్సైడ్ వెలిగారానికి అంత సులువుగా లొంగదు.

గాలి: సున్నా

అందుకే ఆక్సైడ్‌ను కరిగించే ప్రయత్నం మాని, అసలు పుట్టకుండా చూస్తారు. పలకల్ని మెరిసేదాకా అరగదీసి, జిడ్డు తుడిచి, పేర్చిన దిమ్మె అంచులన్నీ వెల్డింగుతో మూసేస్తారు. లేదా ఉక్కు డబ్బాలో పెట్టి సీలు వేస్తారు. స్టెయిన్‌లెస్‌లో వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి నడిబొడ్డు దాకా కాగేందుకు ఎక్కువసేపు ఉంచాలి. సన్న సందు ఉన్నా ఆ సమయంలో గాలి లోపలికి పోతుంది.

1,000 బార్లు

స్వీడన్‌లోని సోడర్‌ఫోర్స్‌కు చెందిన డమాస్టీల్ సంస్థ 1990ల్లో మరో దారి తెచ్చింది. పెర్ బిల్‌గ్రెన్, కత్తుల తయారీదారు కాయ్ ఎంబ్రెట్సెన్ దీనికి ఆద్యులు. పలకలకు బదులు రెండు రకాల ఉక్కు పొడుల్ని డబ్బాలో పొరలుగా నింపి, గాలి తీసి మూసి, వేడితో పాటు అన్ని వైపుల నుంచీ వాయువు ఒత్తిడి పెడతారు. ఇలాంటి యంత్రాల్లో ఆ ఒత్తిడి సాధారణంగా 1,000 బార్లకు అటూఇటూ ఉంటుంది. అంటే మనం పీల్చే గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు.

32 రెట్ల లోపం

10 పలకల దిమ్మెను సాగదీసి, మడిచి మళ్లీ అతికితే 20 పొరలు. అలా అయిదుసార్లు చేస్తే 320. మూడు మిల్లీమీటర్ల మందమున్న కత్తిలో ఒక్కో పొర 0.009 మిల్లీమీటర్లు. మొదటి అతుకులో ఒక్కచోట పట్టు తప్పితే, ఆ లోపమూ అయిదు మడతల్లో 32 చోట్లకు చేరుతుంది. మొదటి సీలు మీద అంత శ్రద్ధ అందుకే.

కార్బన్ కలిసినా చారలు నిలుస్తాయి

1,100 డిగ్రీల దగ్గర గంటలో కార్బన్ మిల్లీమీటరులో కొన్ని పదో వంతుల దూరం పాకుతుంది. అంటే ఈ పల్చటి పొరల్ని ఇట్టే దాటేస్తుంది. క్రోమియం కొన్ని మైక్రాన్లే కదులుతుంది. చారల్ని నిలబెట్టేది ఈ నిదానమే. డమాస్టీల్ వాడే రెండు ఉక్కుల్లో ఆర్‌డబ్ల్యుఎల్34లో 14 శాతం క్రోమియం, 4 శాతం మాలిబ్డినం ఉంటాయి. కత్తిని ఆమ్లంలో ముంచితే ఇది మెరుస్తూనే ఉంటుంది, జతది నల్లబడుతుంది.

ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసి, పారశీక వర్తకులు కొనుక్కుపోయిన ఉక్కు చారలు వేరు. వాటిలో అతుకే లేదు. కార్బన్ 1-2 శాతం ఉన్న ఆ ఉక్కులో కార్బైడ్లే వరుసలు కట్టి చారలయ్యేవి.

కొనేవారికి

లేజరుతో పైపైన గీసిన చారలూ అంగట్లో దొరుకుతున్నాయి. కత్తి వెన్ను చూడండి. పొరలున్న ఉక్కయితే చారలు వెన్ను మీదా కొనసాగుతాయి. గీసినవైతే సాధారణంగా పక్కలకే పరిమితం. నడుమ ఒకే ఉక్కు, పక్కల పొరలు ఉండే కత్తులూ ఉన్నాయి కాబట్టి, పదును అంచున చారలు లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. సీలు వేసి అతికిన ఆ శ్రమకే ఎక్కువ ధర ఇస్తున్నాం గనుక, అది నిజంగా జరిగిందో లేదో అడిగే హక్కు మనకుంది.