పెరటిలో పచ్చి సోయాచిక్కుడు

సోయా యనగానే మన సోదరీమణులకు అంగడిలోని నూనెయు, ఎండు సోయాముక్కలును జ్ఞప్తికి వచ్చును గాని, పచ్చికాయలను కోసి, గింజలొలిచి కూర వండవచ్చునని యెరిగినవారు తక్కువ. ఆదిలాబాదు రైతులు దీనిని ఎండుగింజకై పండించుచున్నారు. పెరటికి తగినది పెద్దగింజ కూరరకము. రాంచీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రమువారి స్వర్ణ వసుంధర యట్టిది.

1935లో గాంధీగారు వార్ధా యొద్ద మగన్‌వాడిలో సోయాను భోజనమున చేర్చి చూచి, హరిజన పత్రికలో వ్రాసిరి. ఎండుగింజలో నూటికి సుమారు 40 పాళ్లు మాంసకృత్తులు, 20 పాళ్లు నూనె యుండును. ధర చూచి పప్పు పలుచన చేయు నిండ్లలో ఇది చిన్న సంగతి కాదు.

అయితే అడవులదీవి వంటి తీరగ్రామములలో దీనిని మినుము వలె భావింపరాదు. కోతకు వచ్చిన వరిచేలలో మినుము చల్లి, మిగులు తేమతో పండించుట కృష్ణా డెల్టాలో వాడుక. సోయాను అట్లు చల్లినచో, పగలు తగ్గిన దినములలో త్వరపడి పూచి గిడసబారును. జూన్ నెలాఖరున తొలకరి పదునులో విత్తినచో, సుమారు 75 దినములకు, అనగా సెప్టెంబరులో, పచ్చికాయ చేతికి వచ్చును. అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే కోత ముగియును. ఎండుగింజకై నిలుపువారికి ఈ సౌకర్యము లేదు.

ఉప్పునీరు మొలకను చెరచును. నిలువనీరు గింజను క్రుళ్లించును. కావున జానెడెత్తు మడి కట్టి, పశువుల యెరువు కలిపి, వాననీటితోనే మొలిపింపవలెను. పాతగింజ వేడికిని చెమ్మకును త్వరగా చచ్చును. పది గింజలను తడిగుడ్డలో చుట్టి మొలక చూచి మరీ విత్తుట మేలు. విత్తుగింజను నానబెట్టరాదు. సోయా ఎన్నడును వేయని నేలలో, సోయాకు తగిన రైజోబియమ్ పొడిని చల్లారిన బెల్లపు పాకముతో గింజకు పట్టించి, నీడన ఆరబెట్టి, నాడే అంగుళము లోతున విత్తవలెను. వరుసల నడుమ అడుగున్నర, గింజల నడుమ బెత్తెడు చాలును. నెల దాటిన పిమ్మట ఒక మొక్కను పెకలించి చూడుడు. వేరుబుడిపె లోపల గులాబివన్నె యున్నచో పని జరుగుచున్నట్లే. ఆకుల అడుగున పొగాకు లద్దెపురుగు గ్రుడ్ల ముద్దలు కనబడిన, ఆ యాకును త్రుంచివేయుట మందుకన్న సులభము.

గింజ కాయనిండ ఊరి, కాయ యింకను పచ్చగా నున్నపుడే కోయవలెను. వారము ఆలసించిన రుచి తగ్గును. ఉప్పునీట కాయలను బాగుగా ఉడికించి గింజలొలిచి తాలింపు వేయుడు, నూగుతొక్క తినదగదు. పచ్చిగింజ జీర్ణమునకు అడ్డుపడును గనుక పిల్లలను ఊరక నమలనీయరాదు. కొందరికి సోయా పడదు. తొలిసారి కొంచెమే పెట్టి చూడవలెను.

కోత యైన పిమ్మట మొక్కను పెరికివేయక, మొదలంట కోసి వేళ్లను మడిలోనే విడిచినచో, తరువాత వేయు తోటకూరకు కొంత బలము.