రంగుకూ ఉంది చేతివాటం

హోలీ సంచికకు రంగుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు. గడువు గురువారం. మోదుగుపూలతో మొదలుపెట్టి, అద్దకాల మీదుగా ఎక్కడో తేలుదామనుకున్నాను. ఈలోగా 2001 నాటి చిన్న పరిశోధన పత్రం ఒకటి కంటపడింది. మోదుగుపూలు మూలకెళ్లాయి. "రంగు అణువుల చేతివాటం గురించి రాస్తానండీ" అని ఫోన్ చేస్తే, "ఎంత నొక్కేశాయేంటి?" అన్నారాయన.

ఇది ఆ చేతివాటం కాదు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు చూడండి, అది. దక్షిణావృత శంఖం అద్దంలో మామూలు శంఖంలాగే కనిపిస్తుంది. బయట మాత్రం దాని మెలిక దానిదే.

పత్రం బార్సిలోనా విశ్వవిద్యాలయంలోని జోసెప్ రిబో బృందానిది, 'సైన్స్' పత్రికలో వచ్చింది. వాళ్లు తీసుకున్నది పార్ఫిరిన్ జాతి రంగు. మన నెత్తుటి ఎరుపుకీ, ఆకుపచ్చకీ దగ్గరి చుట్టం. అణువు అప్పడంలా బల్లపరుపుగా ఉంటుంది, దానికి సొంతంగా కుడి ఎడమలు లేవు. ఆమ్లం కలిపిన నీళ్లలో చిక్కబడేకొద్దీ ఈ అప్పడాలు ఒకదానిమీద ఒకటి కాస్త పక్కకు జరిగి పేరుకుంటాయి. విడిగా ఉన్నప్పుడు 434 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగే రంగు, పేరుకున్నాక 490 దగ్గర మింగుతుంది. ఆ దొంతర మెలి తిరుగుతుంది. కుడికా, ఎడమకా? రెండూ సరిసమానంగా రావాలి.

రాలేదు. గుండ్రటి ఫ్లాస్కును వేడినీళ్ల తొట్టిలో ఏటవాలుగా తిప్పుతూ నీరు ఆవిరి చేశారు. ఒక దిక్కుకు తిప్పితే ఒక మెలిక ఎక్కువైంది, ఎదురు దిక్కుకు తిప్పితే రెండోది. (మన కవ్వమైతే తాడు లాగినప్పుడల్లా దిక్కు మారుస్తుంది. ఎవరి పక్షమూ వహించదనుకుంటాను.)

నాకు నమ్మబుద్ధి కాలేదు. అణువు కొలత నానోమీటర్లలో, సుడి కొలత సెంటీమీటర్లలో. మధ్య కోటి రెట్ల తేడా. పైగా నీళ్లలో కంటికి ఆనని మలినం ఒక్కటున్నా, దాని చేతివాటమే తక్కెడను వంచేయగలదు.

నా సందేహాన్ని సగం తీర్చింది 2012లో వచ్చిన మరో పత్రం. ఇటలీలోని మెస్సీనా, నెదర్లాండ్స్‌లోని నైమెగెన్ శాస్త్రవేత్తలు కలిసి రాసింది. ఇలాంటి రంగునే బలమైన అయస్కాంతంలో పెట్టి తిప్పారు. ద్రావణం మీద గురుత్వం తగ్గేలా, చివరికి తలకిందులయ్యేలా కూడా చేశారు. తిప్పే దిక్కూ, గురుత్వం దిక్కూ కలిసి మెలికను నిర్ణయించాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే సంగతి. తిప్పడం మొదట్లో, అణువులు విత్తుకట్టే వేళ జరిగితే చాలు. ఆ తర్వాత వదిలేసినా దొంతర అదే వాటంతో పెరిగింది.

అదే ఏడాది ఐంధోవెన్‌లో బెర్ట్ మైయర్ బృందం పుట్టుకతోనే చేతివాటం ఉన్న అణువును తీసుకుంది. పెళ్లి పంక్తిలో ముందొచ్చినవాళ్లు దొరికినచోట కూర్చుని, తర్వాత సర్దుకున్నట్టే జరిగింది. తొందరలో కట్టిన దొంతర కుడిమెలిక, నిదానంగా స్థిరపడినది ఎడమమెలిక. చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లపు చుట్టమొకటి కలిపి, అన్నిటినీ ఆ తొందర దారిలోకే మళ్లించారు. తర్వాత ఆమ్లాన్ని తీసేసినా, చల్లగా ఉంచినంతసేపు కుడిమెలిక నిలిచింది. సరుకు ఒకటే, కూర్చిన వేగం వేరు.

చరిత్ర గబగబా: 1848లో పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను కుడి ఎడమలుగా ఏరి విడదీశాడు. చేతి గ్రీకు పేరు మీదుగా 'కైరాలిటీ' అన్న మాట కెల్విన్ తెచ్చాడు. 1936లో కొడాక్‌లో జెల్లీ, అదే రోజుల్లో జర్మనీలో షైబె రంగు అణువుల దొంతరలను పసిగట్టారు. వాటికి జెల్లీ పేరు మీదే 'జె-అగ్రిగేట్లు' అని పేరు. ఇక చాలు.

మిగిలిన ముక్కలు

పాత ఫొటో ఫిల్ముకు ఎరుపు, ఆకుపచ్చ కాంతులు చూపించింది ఇలాంటి దొంతరలే. లోతు నీళ్లలో మసక వెలుగుతో బతికే ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా కూడా తన పత్రహరితాన్ని ఇలాగే పేర్చుకుంటుంది, ప్రొటీన్ల చట్రం లేకుండానే.

మా పేజీలు దిద్దే తమ్ముడికి ఒక మనవి. ముఖచిత్రం మీది ఫ్లాస్కు బొమ్మ అట్టకు కుదరలేదని అద్దంలోలా తిప్పేయకు. బాణం గుర్తు ఎదురు దిక్కు చూపిస్తుంది.