సట్లెజ్ ఎగువన మంచు ఎంత? భాక్రా నీటి అంచనా వెనుక లెక్క

పశ్చిమ కనుమల్లో పుట్టే కృష్ణా, గోదావరి నదుల్లోకి కొత్త నీరు చేరాలంటే నైరుతి రుతుపవనాల కోసం ఎదురుచూడవలసిందే. సట్లెజ్ తీరు వేరు. రుతుపవనాలు అక్కడికి చేరకముందే, వసంతంలోనే ఆ నదిలో ప్రవాహం పెరగడం మొదలవుతుంది. శీతకాలంలో హిమాలయాలపై పేరుకున్న మంచు కరగడమే అందుకు కారణం. అందువల్ల ఎగువన ఎంత మంచు ఉందన్న ప్రశ్న పంజాబ్, హర్యానా, రాజస్థాన్ రైతాంగానికి కీలకమైనది.

టిబెట్‌లోని రాక్షస్‌తాల్ సరస్సు ప్రాంతంలో జన్మించే సట్లెజ్, షిప్కి లా సమీపంలో హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలోకి ప్రవేశిస్తుంది. ఖాబ్ వద్ద స్పితి నది దానిలో కలుస్తుంది. ఈ ఎగువ ప్రాంతంలో రుతుపవన వర్షాలు స్వల్పం. ప్రధానంగా డిసెంబరు నుంచి మార్చి వరకు పడమటి దిశ నుంచి వచ్చే వాతావరణ అలజడులే ఇక్కడ మంచు కురిపిస్తాయి. భాక్రా ఆనకట్టకు ఏటా చేరే నీటిలో సుమారు 59 శాతం మంచు, హిమానీనదాలు కరగడం వల్ల వచ్చేదేనని 2002లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

అయితే మంచు పరచుకున్న విస్తీర్ణం వేరు, అందులోని నీరు వేరు. ఉపగ్రహ చిత్రాలు విస్తీర్ణాన్ని స్పష్టంగా చూపుతాయి గానీ లోతును అంత కచ్చితంగా చెప్పలేవు. అప్పుడే కురిసిన పది సెంటీమీటర్ల మంచు కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీరే లభిస్తుంది. వసంతం నాటికి గట్టిపడిన అదే మందం పొర నుంచి మూడు, నాలుగు సెంటీమీటర్లు రావచ్చు. అందుకే లోతు, సాంద్రతల కొలతలు లేని అంచనా అసంపూర్ణం.

ఇక రెండో అంశం కాలం. భాక్రాలో నీటిని నింపే కాలం మే 21 నుంచి సెప్టెంబరు 20 వరకు. దానికి ముందు నిల్వ కనిష్ఠ స్థాయికి చేరువవుతుంది. సరిగ్గా అప్పుడే కాలువల కింద పత్తి విత్తుతారు. జూన్‌లో వరి నాట్లు మొదలవుతాయి. ఆ విరామంలో ఆదుకునేది మంచు నీరే. మార్చిలోనే ఎండలు ముదిరితే మంచు ముందుగా కరిగి, జూన్ నాటికి ప్రవాహం తగ్గే ప్రమాదం ఉంటుంది.

మంచు తక్కువైన ఏడాది ఆ లోటు వెంటనే పూర్తిగా బయటపడకపోవచ్చు. పైపొర తొలగిన హిమానీనదాలు ఎక్కువగా కరిగి కొంత భర్తీ చేస్తాయి. అది ఆదాయం తగ్గినప్పుడు మూలధనాన్ని తీసి ఖర్చు చేయడం వంటిది.

2025 ఈ లెక్కల బలాన్నీ పరిమితినీ చూపింది. ఆ శీతకాలంలో హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో మంచు నిలిచి ఉన్న తీరు సాధారణం కంటే 23.6 శాతం తక్కువని, అది 23 ఏళ్ల కనిష్ఠమని కఠ్మాండూలోని అంతర్జాతీయ సమగ్ర పర్వతాభివృద్ధి కేంద్రం ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో భారీ వర్షాలకు పంజాబ్ వరదల పాలైంది. భాక్రా నీటిమట్టం 1,680 అడుగుల గరిష్ఠ పరిమితిని సమీపించింది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. మంచు అంచనా వర్షాకాలం గురించి చెప్పదు. వర్షాలు మొదలయ్యే దాకా కాలువల్లో ఎంత నీటిని ఆశించవచ్చో మాత్రమే చెబుతుంది. విత్తనం వేయాలా, ఆగాలా అని నిర్ణయించుకోవలసిన రైతుకు అప్పుడు కావలసిన సమాచారం అదే.