మీకు తెలుసా? ఒక్క కిరీటము, ఇద్దరు అజేయులు

వియత్నాం యుద్ధమునకై సైన్యమున చేర నిరాకరించినందున 1967లో ముహమ్మద్ అలీ హెవీవెయిట్ బాక్సింగ్ బిరుదమును అధికార సంఘములు లాగికొన్నవే గాని, బరిలో ఎవ్వరును గెలిచి తీసికొన్నది లేదు. అందుచేత, 1970లో జిమ్మీ ఎల్లిస్‌ను ఓడించి జో ఫ్రేజియర్ పీఠమెక్కిన పిదపకూడ, నిజమైన విజేత ఎవడను వాదము అభిమానులలో చల్లారలేదు. ఫ్రేజియర్‌కు ఇది అన్యాయమే. బరిలో లేనివానిని ఓడించుట ఎవరి తరము?

తుదకు, అలీ మరల బరిలోకి వచ్చిన పిదప, 1971 మార్చి 8న, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో, 31 పోటీలాడి ఓటమి యెరుగని అలీయు, 26 పోటీలలో అట్టివాడే యైన ఫ్రేజియరును, చెరి 25 లక్షల డాలర్ల పారితోషికముతో తలపడిరి. పదునైదవ రౌండులో ఫ్రేజియర్ ఎడమచేతి హుక్కు దవడకు తగిలి అలీ వెల్లకిల పడెను. క్షణములో లేచి నిలిచెను గాని, తీర్పరులు ముగ్గురును ఫ్రేజియర్ పక్షమే వహించిరి. లైఫ్ పత్రికకై ఆ పోరును ఫొటోలు తీసినవాడు గాయకుడు ఫ్రాంక్ సినాట్రా!

అంతకన్న విచిత్రమేమనగా, జనులందరి దృష్టియు ఆ పోరుమీదనే యుండునని లెక్కించి, యుద్ధవ్యతిరేకులు కొందరు అదే రాత్రి పెన్సిల్వేనియాలోని మీడియా అను చిన్న పట్టణమున ఎఫ్.బి.ఐ. కార్యాలయపు తలుపు పగులగొట్టి, పౌరులపై రహస్య నిఘాను బయటపెట్టిన దస్త్రములను పెట్టెలలో నింపుకొని పోయిరి. పోలీసులకు వారు చిక్కనేలేదు; 2014లో వారిలో కొందరు తామే పేర్లు వెల్లడించుకొనిరి.