‘దాసి’ చిత్రము - విమర్శకుల మెప్పు

కొంతకాలము క్రిందట కాటారమున మా యింట నలుగురము కూర్చుండి ‘దాసి’ యను చలనచిత్రమును టెలివిజనులో చూచితిమి. సగము ముగియకమునుపే వృద్ధమిత్రు డొకడు లేచి, “పంతులూ, ఊడుసుడు, తోముడు తప్ప ఇండ్ల కథేమున్నది?” అని పోయెను. ఈ చిత్రముపై నేను విన్న విమర్శలలో నన్ను మిక్కిలి యాలోచింపజేసినది యిదియే.

బి. నర్సింగరావుగారు దీనిని 1988లో తీసిరి. కథాకాలము 1920 ప్రాంతము. బాల్యముననే తల్లిదండ్రు లమ్మివేయగా కమలాక్షి గడీ చేరినది. దొరసానికి ఊడిగము చేయవలెను. దొర పిలిచిన పడకకును పోవలెను. తుదకు గర్భవతి కాగా, ఆ గర్భము నిలుపుకొనుటకును ఆమెకు స్వాతంత్ర్యము లేదు.

ఆ సంవత్సరపు జాతీయ బహుమానములలో అయిదు దీనికి లభించినవి. ఉత్తమ తెలుగు చిత్రమను బహుమానము నటుంచి, తక్కిన నాలుగింటిని చూడుడు. నటనకు అర్చన, ఛాయాగ్రహణమునకు ఎ.కె. బీర్, కళాదర్శకత్వమునకు తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. పాటకు లేదు, మాటకు లేదు. నాలుగును కంటికి సంబంధించినవే! వైకుంఠముగారు మన పాత కరీంనగరు జిల్లా బూరుగుపల్లివారు. మన ఆడువారి కట్టుబొట్టులను ఆయనకు వేరొకరు నేర్పవలసిన పని లేదు. 1989లో మాస్కో చిత్రోత్సవమునందును దీనికి ప్రశంసాపత్రము దొరకినది.

నర్సింగరావుగారే అంతకుముందు నిర్మించిన ‘మాభూమి’ యందు జనసమూహ మున్నది, పాట యున్నది. ఇందు కమలాక్షి పలుకుట అరుదు. పిలిచిన వచ్చుట, చెప్పినది చేయుటయే బ్రతుకైనదానికి మాట లెక్కడివి? రచయిత దయదలచి నాలుగు దీర్ఘసంభాషణములు పెట్టియున్నచో అది అబద్ధమై యుండెడిది. ఐతే చిత్రముల సౌందర్యమునే పొగడి యూరకుండువారిని చూచిన నాకు కొంత కష్టమగును. గడీగోడపై పడిన యెండ చక్కగానే యున్నది. ఆ గోడ నలికిన చేయి యెవరిది?

ఇట్టి మౌనము పరదేశమునను కలదు. 2018లో మెక్సికో దేశమున లీలా అవిలేస్ అను నామె ‘లా కమారిస్తా’ యను చిత్రమును తీసినది. పెద్ద హోటలులో గదులు శుభ్రపరచు ఈవ్ అను యువతి కథ యది. ఎవరో విడిచిపోయిన ఎఱ్ఱని గౌను తనకు దక్కునా యని ఆమె ఎదురుచూచుటయే అందు పెద్ద సంగతి. విమర్శకులు మెచ్చిరి, ఆ దేశమువారు దానినే ఆస్కారు పోటీకి పంపిరి. ఈవ్‌కు బిడ్డను చూచు తీరిక దుర్లభమే కాని, జీతమైన నున్నది. కమలాక్షికి అదియును లేదు.

మరునాడు ప్రొద్దుననే ఆ మిత్రుడు మరల వచ్చెను. తన మేనత్త యొకతె చిన్ననాట గడీలో నుండెడిదనియు, ఇంటికి వచ్చినపిమ్మటను ఎవరితోను మాటలాడెడిది కాదనియు చెప్పి, కొంతసేపూరకుండి, మిగిలిన సగము చూపుమని యడిగెను.