హేతువును పరీక్షించుట

"పెద్దలు చెప్పినారు", "అందరును అట్లే అనుచున్నారు", "మొన్న ఒకనికి అట్లే జరిగినది" — ఇంటను సంతలోను మనము చేయు వాదములు ఇట్టి మాటలతోనే సాగును. వీనిలో ఏది నిజమైన హేతువు, ఏది హేతువువలె తోచునది మాత్రమే? ఈ భేదమును తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహము క్లుప్తముగా విడమరచి చెప్పుచున్నది.

కొండపై పొగను చూచి అచట నిప్పున్నదని ఊహింతుము. పొగయున్న చోటెల్ల నిప్పుండును. ఈ తప్పని సంబంధమే వ్యాప్తి. దానిని త్రిప్పి, నిప్పున్నది కనుక పొగయుండునన్నచో నిలువదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగకు తడికట్టెయు కావలెను. మాటలో చెప్పక విడిచిన ఇట్టి నిబంధనకు ఉపాధి యని పేరు.

ఇది గ్రంథములకే పరిమితమైన విషయము కాదు. మన కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలో బోరు వేయింపదలచిన రైతుతో ప్రక్కచేనివాడు, "అన్నా, అరచేతిలో టెంకాయ నిలబడిన తావులోనే మాకు నీళ్లు పడినాయి, నువ్వూ అట్లే చూపించుకో" అనును. ఈ మాటలో ఆప్యాయత కలదు, హేతువు కలదా? టెంకాయ నిలబడియు ఎండిపోయిన బోర్లెన్ని? టెంకాయ చూడకయే నీరు పడిన బోర్లెన్ని? పడిన బోరును పదిమందితో చెప్పుకొందుము. ఎండిన బోరును మఱచిపోదుము. మన నేలక్రింద గట్టిరాయి. నీరు దాని పగుళ్లలో నిలుచును. పగులు తగిలినచో నీరు, లేనిచో రాతిదుమ్ము. టెంకాయకును రాతిపగులునకును వ్యాప్తి సిద్ధింపలేదు. సాధ్యము లేని చోటను కనబడు ఇట్టి హేతువును తార్కికులు సవ్యభిచారమనిరి. తర్కసంగ్రహము చెప్పిన ఐదు హేత్వాభాసములలో ఇది మొదటిది. ఇచట పొరపాటు మాటతో ముగియదు. వందల అడుగుల డ్రిల్లింగు ఖర్చు, దానికై తెచ్చిన అప్పు, ఆ అప్పుపై వడ్డీ రైతు తలపై మిగులును. నేలను పరీక్షించు నిపుణుని మాటనైనను ఇవే ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

అయితే ప్రశ్నించుట యనగా కించపరచుట కాదు. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా చెప్పినవి: సత్యము తెలియుటకై వాదము, గెలుపుకై జల్పము, తన పక్షమును నిలుపక ఎదుటివానిని ఖండించుటకే వితండ. "నీకేమి తెలియును?" అన్ననాడు జల్పము మొదలగును. "తమ్ముడా, టెంకాయ నిలబడినా నీళ్లు పడని బోర్లు మన ఊర్లో ఎన్ని ఉండాయి?" అని అడిగి, ఇద్దరును కూర్చుండి లెక్కించినచో అది వాదము. అప్పు చేయకమునుపు ఆ లెక్క ముగియవలెను.