ఇంట్లోనే వ్యాయామం, ఇష్టంగా

'రోజూ నడవండమ్మా' అని డాక్టరు చెప్పని షుగర్ రోగి ఉండరు. సరేనని తలూపి, నాలుగు రోజులు నడిచి మానేసినవాళ్లే ఎక్కువ. మా ఇంట్లోనూ అదే జరిగింది. అమ్మీకి అరవై రెండేళ్లు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. అదే జబ్బుతో మా ఖాలాకు కాలి వేలు తీసేయాల్సి వచ్చింది. అది చూసి భయపడిన అమ్మీ మర్నాడే మేడ మీద నడక మొదలుపెట్టింది. ఆ భయం వారం రోజులు నడిపించింది. తరువాత మోకాళ్ల నొప్పి, ఎండ, వంట పని, ఏదో ఒక అడ్డంకి. "ఒక్కదాన్నే పిట్టగోడల మధ్య తిరుగుతుంటే విసుగ్గా ఉందిరా" అంది చివరికి.

అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. భయంతో మొదలుపెట్టినది ఎక్కువ రోజులు నిలవదు. అందుకే 'ఏ వ్యాయామం మంచిది?' అని అడిగే ముందు 'ఏది మానకుండా చేయగలను?' అని ఆలోచించుకోవాలి.

ఎందుకు చేయాలి?

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. కండరాలు పనిచేస్తున్నప్పుడు రక్తంలోని గ్లూకోజును తీసుకుని వాడుకుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరంలో కూడా ఇది జరుగుతుంది. అందుకే భోజనం చేశాక పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడిచినా షుగర్ మరీ పైకి ఎగబాకకుండా కొంత అదుపులో ఉంటుంది.

ఎంత చేయాలి?

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చేస్తే 150 నిమిషాలవుతాయి. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్న పాత నియమాన్ని అప్పుడే తొలగించారు. కాబట్టి అయిదు నిమిషాల చొప్పున చేసినా లెక్కలోకి వస్తుంది. మోస్తరు శ్రమ అంటే మాట్లాడగలిగేటట్లు, పాట మాత్రం పాడలేనట్లు ఆయాసం రావడం.

ఇష్టమైనది ఎలా దొరుకుతుంది?

మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. చిన్నప్పుడు ఏ ఆట ఆడేవారు? ఒంటరిగా చేయడం ఇష్టమా, ఎవరైనా తోడుండాలా? రోజూ ఏ పని అయ్యాక కాస్త తీరిక దొరుకుతుంది?

అమ్మీకి జవాబు మా అమ్మాయి వల్ల దొరికింది. ఒక సాయంత్రం వరండాలో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గడులు గీసి "దాదీ, నీకు వచ్చా?" అని అడిగింది. "నాకు రాకపోవడమేమిటే!" అంటూ అమ్మీ లేచింది. గెంతలేదు. చెప్పులు వేసుకుని, ఒక్కో గడిలో అడుగు వేస్తూ వెళ్లి వచ్చింది. ఇప్పుడు అస్ర్ నమాజు కాగానే మనవరాలే సుద్దముక్కతో సిద్ధంగా ఉంటుంది.

అందరికీ ఇదే నచ్చాలని లేదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో రోజూ ఫోన్లో మాట్లాడే తల్లి కూర్చోకుండా హాల్లో నడుస్తూ మాట్లాడవచ్చు. మోకాళ్లు బాగున్న యువతులకు తాడాట ఉంది. వంటింట్లో కుక్కర్ కూత వేసేలోపు గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగవచ్చు.

నడకతో పాటు కండరాలకు బలం కూడా కావాలి. దానికి వారానికి కనీసం రెండు రోజులు కేటాయించాలి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేవండి. లీటరు నీళ్ల సీసా దాదాపు కిలో బరువు ఉంటుంది. చేతికొకటి పట్టుకుని పైకెత్తి దించండి. 65 ఏళ్లు దాటినవారు వారానికి మూడు రోజులు, పక్కన ఆసరా ఉంచుకుని, తూలకుండా నిలబడే సాధన కూడా చేయాలి.

జాగ్రత్తలు

గుండె జబ్బు ఉన్నవారు, కంటి లోపలి పొర దెబ్బతిన్నదని చెప్పించుకున్నవారు ముందు డాక్టరును అడగాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారికి శ్రమతో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే ఆపి వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. షుగర్ ఉన్నవారు వట్టి కాళ్లతో చేయకూడదు. చేశాక పాదాలు ఒకసారి చూసుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

అమ్మీ షుగర్ మాయమైందని నేను చెప్పను. మందులు వేసుకుంటూనే ఉంది. కానీ వారంలో ఆగిపోయిన మనిషి అయిదు నెలలుగా మానలేదు. మొన్న మా అమ్మాయికి జ్వరం వస్తే, అమ్మీ తానే గడులు గీసుకుంది. మీ ఇంట్లోనూ అలా ఆగిపోయినవారు ఉంటే 'నడిచారా?' అని మాత్రమే అడగకండి. వాళ్లు చిన్నప్పుడు ఏం ఆడేవారో అడిగి, కాసేపు వాళ్లతో కలిసి ఆడండి.